సుక్కాని గోకుడు, ఎర్రన్న వైద్యం

నౌపడ దాటి ఉప్పు మడుల గట్టు వెంట సముద్రం వైపు పోతే ఒక చిన్న రేవు వస్తుంది. ఆ రేవులో బోటు ఇంజిన్ మొరాయిస్తే గంగమ్మ తల్లికి మొక్కు తర్వాత సంగతి, ముందు ఎర్రన్నకు ఫోను. ముప్పయ్యేళ్ల అనుభవం ఎర్రన్న మేస్త్రీది. ఆయన చేతికి లొంగని ఇంజిన్ లేదు, నోటికి అందని విషయం అసలే లేదు. వాయుగుండం ఏ తీరం దాటుతుందో, మోకాలి నొప్పికి ఏం పట్టు వేయాలో, పక్కింటి తోడికోడళ్లు ఎందుకు మాట్లాడుకోవడం లేదో, అన్నీ ఆయన దగ్గర సిద్ధంగా ఉంటాయి. అడగక్కర్లేదు కూడా, ఆయనే చెప్తాడు. అడ్డొచ్చి ఇంకో మాట అంటే మాత్రం చేతిలో స్పానర్ ఆగిపోతుంది. సముద్రం మీదికి పోవాల్సినవాడు మేస్త్రీతో వాదిస్తాడా? అందుకని రేవంతా తల ఊపడం నేర్చుకుంది.

ఆయనకో కుక్క. పేరు సుక్కాని. పిల్లగా ఉన్నప్పుడు షెడ్డు వెనక పాత వలల కుప్పలో దొరికింది. ఆరేళ్లుగా అదే కుప్ప దానికి పడక. మేస్త్రీ ఇంజిన్ విప్పుతుంటే ఎదురుగా కూర్చుని, తల పక్కకు వాల్చి, ఆయన చెప్పేదంతా వినేది. ఆయన మాటలు చివరిదాకా వినే ప్రాణి ఆ ఊళ్లో అదొక్కటే మరి. భార్య గురమ్మ సగంలోనే లేచి లోపలికి వెళ్లేది. సుక్కాని లేవదు. ఆ కుక్కంటే ఆయనకు ప్రాణం. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, తన కంచంలో చేప తల తీసి దానికి పెట్టేవాడు. చేప తల విలువ తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

వానలు వెనకబట్టాక సుక్కానికి గోకుడు పట్టుకుంది. మొదట వెనక కాలితో చెవి కింద రెండుసార్లు. ఆనక నడుము. ఆనక తోక మొదట్లో పళ్లతో పట్టి కొరుక్కోవడం. వారం తిరిగేసరికి తోక దగ్గర వెంట్రుకలు ఊడి, ఎర్రటి పచ్చి పుండు తేలింది. మేస్త్రీ మాట్లాడుతుంటే కూడా మధ్యలో లేచి గోక్కోవడం మొదలెట్టింది. అప్పుడు ఆయనకు నిజంగా కోపమొచ్చింది.

"టెక్కలి తీసుకెల్లి డాక్టరమ్మకి సూపిద్దుమా?" అంది గురమ్మ.

"కుక్కకి డాక్టరు ఏటే? నీకు జొరమొస్తేనే నాను తీసుకెల్లనేదు."

"అది నాకు గుర్తున్నాది" అంది గురమ్మ, చాలా మెల్లిగా.

ఆ మాట వినపడనట్టు మేస్త్రీ వైద్యం ప్రారంభించాడు. మొదటి మందు సముద్రం. ఉప్పునీళ్లకు పురుగూ పుట్రా బతకవని ఆయన సిద్ధాంతం. రోజూ పొద్దున్నే కుక్కను కెరటాల్లో ముంచి తీశాడు. పచ్చి పుండు మీద ఉప్పు పడితే ఎలా ఉంటుందో మనకెవరికైనా తెలుసు, కుక్కకూ తెలిసింది. చర్మం ఎండి పొరలు లేచి రెట్టింపు గోకింది. "లోపలున్నది బయటికొస్తన్నాది, మంచిదే" అన్నాడు మేస్త్రీ. రెండో మందు పత్యం. చేపలు బంద్, గంజన్నం మాత్రమే. ఊరంతా చేపలు ఎండబెట్టుకునే చోట కుక్కకు గంజన్నం పత్యమట! సుక్కాని యజమాని మాట కాదనలేక గంజి తాగేది, తాగి నాలుగిళ్లు తిరిగి భోజనం చేసి వచ్చేది. ఈలోగా గురమ్మ దిష్టి తగిలిందని దాని మెడలో నల్లతాడు కట్టింది. అది చూసి మేస్త్రీ పగలబడి నవ్వాడు. "ఇదేటే, మూడనమ్మకం!" అన్నాడు, శాస్త్రవేత్తలా.

మూడో మందు ఆయన సొంతం. ఇంజిన్‌లోంచి తీసేసిన నల్లటి కాలిన ఆయిల్ షెడ్డులో డబ్బాల కొద్దీ ఉంటుంది. తుప్పు పట్టిన బోల్టును వదిలించేది అది, కిర్రుమనే తలుపును నోరు మూయించేది అది, చెక్కకు చెదలు పట్టకుండా కాసేది అది. ఇన్ని చేసేది కుక్క గోకుడు కుదర్చలేదా? పైగా రేవులో తాతల నాటి నుంచి గజ్జి కుక్కకు బోటాయిల్ పూసిన ఆనవాయితీ ఒకటుంది. పూసిన కుక్కలు తర్వాత ఏమయ్యాయని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. మేస్త్రీ బ్రష్షు తీసుకుని చెవుల నుంచి తోక దాకా, బోటుకు రంగేసినంత శ్రద్ధగా పూశాడు.

ఆ రోజు సుక్కాని గోకలేదు!

ఇంకేముంది. మేస్త్రీ కాళ్లు నేల మీద నిలవలేదు. "సూసినారా? ఒక్క పూట! ఏ డాక్టరు సెయ్యగలడు?" అని రేవంతా తిరిగి చాటాడు. కుక్క గోకకపోవడానికి కారణం, గోకే ఓపిక కూడా లేక మగతగా పడి ఉండటమని ఆ మహా వైద్యుడికి తట్టలేదు. ఆయిల్‌ను ఖాళీ నీళ్ల సీసాల్లో పోసి ఉచితంగా పంచాడు. ఒకటి బోటు యజమాని పోతురాజుకి, ఒకటి అసిరయ్యకి, ఒకటి వీధి మొదట్లో ఎండుచేపలమ్మే జగ్గమ్మకి. ముగ్గురి ఇళ్లలోనూ గోకే కుక్కలే. "దాస్కోండి, మల్లీ కావాలంటే మొగమాటపడకండి" అని కూడా చెప్పాడు. ధర్మాత్ముడు!

మూడో రోజు పొద్దున సుక్కాని లేవలేదు. నోట్లోంచి చొంగ తాళ్లు తాళ్లుగా కారుతోంది. ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. మధ్యమధ్య పొడి దగ్గు. చేప తల ముక్కు దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. ఇక డాక్టరమ్మ దగ్గరికి పోక తప్పదని మేస్త్రీకి అర్థమైంది. అయినా పరువు పరువే కదా! సర్ఫు పెట్టి నల్లదనం పోయేదాకా కుక్కను కడిగి, అప్పుడు ఆటో పిలిచాడు.

టెక్కలి పశువుల ఆసుపత్రిలో డాక్టర్ అనూరాధ సుక్కానిని బల్ల మీద పడుకోబెట్టి, తోక మొదట్లో వెంట్రుకలు పాయ తీసి చూసింది. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి కాగితం మీద వేసింది. నలుసుల చుట్టూ ఎర్రగా రంగు దిగింది.

"ఇది మట్టి కాదండి. కుక్క రక్తం తాగి పురుగులు వేసిన మలం. నువ్వు గింజంత ఉండి గెంతుతాయి చూడండి, అవి. వాటి కాటు పడని కుక్కలకు నాలుగు కుట్టినా చాలు, ఒళ్లంతా చీరేసుకుంటాయి. ఎక్కడ పడుకుంటుంది ఇది?"

"వలల కుప్ప మీదమ్మా" అంది గురమ్మ.

"గుడ్లన్నీ అందులోనే ఉంటాయి. కుక్కకు నెలనెలా మందు వేసి కుప్పను వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఆ కుప్ప తీసేయండి, పడుకునే గుడ్డ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ఒంటి మందు మెడ వెనక నాలుగు చుక్కలు, అంతే."

నాలుగు చుక్కలు! ముప్పయ్యేళ్ల అనుభవం, సముద్రం, పత్యం, డబ్బాడు ఆయిల్ ఒకవైపు, నాలుగు చుక్కలు ఒకవైపు. మేస్త్రీకి కుక్క జబ్బు కన్నా అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

"గోకుడు సంగతి సరే. ఈ వణుకు, ఈ చొంగ పురుగుల వల్ల రావు. ఒంటికి ఏమైనా రాశారా?"

"ఏటీ రాయనేదమ్మా" అన్నాడు ఎర్రన్న.

ఆయిల్ వాసన రాకపోలేదు. కానీ మనిషే ఆయిల్ వాసన. కుక్కదేదో యజమానిదేదో ఎవరు తేల్చగలరు?

"కిరోసిన్? ఫినాయిల్? పురుగుల మందు?"

"నేదమ్మా. ఎక్కడో ఏదో తినీసినాది."

డాక్టరమ్మ తల పంకించి సిరంజి తీసింది. "విషం ఏదో తినుంటే ముందు కక్కించాలి. ఇంజెక్షన్ ఇస్తాను. కానీ ఒకటి, కిరోసిన్, డీజిల్, ఆయిల్ లాంటివి నాకి ఉంటే మాత్రం కక్కించకూడదు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక్కడే చచ్చిపోతుంది. అలాంటిదేం లేదు కదా?"

గురమ్మ మొగుడి వైపు చూసింది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆ చూపుకు ఆయన ఎన్నడూ జవాబివ్వలేదు.

ఎర్రన్నకు ఉన్నట్టుండి పోతురాజు గుర్తొచ్చాడు. నిరుడు ఇంజిన్ పట్టేస్తే, "ఏటీ సెయ్యనేదు మేస్త్రీ, దానంతటదే ఆగిపోనాది" అన్నాడు పోతురాజు. తీరా విప్పితే లోపల నీళ్లు కలిసిన డీజిల్. నిజం చెప్పుంటే ఒక పూటలో అయ్యే పని, నాలుగు రోజులైంది. "అబద్దమాడీవోడికి ఇంజినెందుకురా?" అని అప్పుడు నలుగురిలో పరువు తీశాడు. ఇప్పుడు సిరంజిలోకి మందు ఎక్కుతోంది.

"ఆగమ్మా! ఆయిల్. కాలిన ఇంజినాయిల్ పూసినాను. ఒల్లంతా పూసినాను. అది నాకీసుకున్నాది."

డాక్టరమ్మ సిరంజి కింద పెట్టింది. తిట్టలేదు. తిట్టే తీరిక లేదావిడకు. చేతికి గ్లౌజులేసుకుని, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో మూడుసార్లు గోరువెచ్చని నీళ్లు పోయించింది, నాకకుండా మెడకు అట్ట కట్టింది, సెలైన్ ఎక్కించింది. "పుండ్లలోంచి కొంత, నాలుక మీంచి కొంత లోపలికి పోయిందండి. పెద్ద కుక్క కాబట్టి ఇంకా ఉంది. చిన్నదయితే ఈపాటికి పోయేది" అంది.

అప్పుడు మేస్త్రీకి మూడు సీసాలు కళ్ల ముందు కనబడ్డాయి. జగ్గమ్మ కుక్క, ఆ బుల్లిది, పిల్లి కన్నా కాస్త పెద్దది అంతే. గురమ్మను అక్కడే ఉంచి, ఆయన ఉన్నపళంగా ఆటో ఎక్కాడు. ఉప్పు మడుల దగ్గరుండగా గురమ్మ ఫోను చేసింది. "తలెత్తినాదయ్యా. నీల్లు తాగినాది." మేస్త్రీ ఆటోలోనే చేతులెత్తి దండం పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, డ్రైవరు చూస్తాడని కూడా దాచుకోలేదు.

జగ్గమ్మ గడపలో కూర్చుని ఉంది. పక్కన గునపం, దానికి తడి ఇసుక.

"నీకెవులు సెప్పినార్రా? అప్పుడే వొచ్చీసినావు" అంది ముసలామె. "పొద్దున్నే పోనాది బుల్లి. నీ మందు మంచిదేరా, అబద్దమాడకూడదు. రాసిన దినం గోకనేదు. నానే కూసింత ఎక్కువ రాసీసినానేమో. కళ్లు సరిగ్గా అవుపడవు కదా, నా సేతులతోటే సంపుకున్నాను."

ఊరుకుంటే సరిపోయేది. ముసలిదాని కళ్లది తప్పయిపోయేది, మేస్త్రీ మందు మంచిదిగానే మిగిలిపోయేది. రేవులో ఎవరికీ తెలిసే దారే లేదు. ఎర్రన్న ఆమె ఎదుట మట్టిలో చతికిలబడ్డాడు.

"నీ సేతి తప్పు కాదప్పా. ఆ ఆయిలే ఇసం. సుక్కే రాసినా, సెంబుడు రాసినా సంపుతాది. నాకేటీ తెలీకుండా ఇచ్చినాను. నీ బుల్లిని సంపినోణ్ని నానే."

జగ్గమ్మ ఒకసారి గునపం మీద చెయ్యి వేసింది, మళ్లీ తీసేసింది.

"ఎన్ని సీసాలిచ్చినావు?"

"మూడు."

"నాదొకటి. తక్కినియి?"

"పోతురాజు బావకీ, అసిరయ్యకీ."

"మరి నా గుమ్మంలో కూకుని ఏడుస్తావేట్రా? నిన్ను తిట్టుకోడానికి నాకు సానా దినాలున్నాయి. ఆ కుక్కలకి అన్ని దినాలు నేవు. లెగు."