బర్రెల సూది కోసం మాదన్నపేట దాకా

తెల్లవారుజామున షాద్‌నగర్‌లో కాచిగూడ ప్యాసింజర్ ఎక్కాను. కూర్చునే చోటు లేక తలుపు పక్కన గోనెసంచి పరుచుకున్నాను. ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట: ఇంజన్ వెనక పెట్టె ఎక్కకండి, బొగ్గు నలుసులు కళ్ళలో పడతాయి. నేనెక్కింది ఆ పెట్టే.

ప్రయాణమంతా మా బర్రెల కోసమే. కిందటేడు గాలికుంటు వచ్చి ఊళ్ళో బర్రెల నోళ్ళూ గిట్టలూ పుండ్లు పడ్డాయి. మా చుక్కబర్రె దూడ చచ్చిపోయింది, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఈసారి పశువుల డాక్టరు ముందే సూది వేస్తానన్నాడు, పైసలు మాత్రం మావే. ఒక్క ఇంటికోసం సీసా విప్పడట. వచ్చే వారం అంగడిలోపు ఊరు ఒప్పుకోకపోతే మందు పక్క ఊరికి పోతుంది.

పైసలు ఎలాగోలా సర్దుకుంటాం. సూది పడితే రెండు మూడు రోజులు పాలు తగ్గుతాయి, చిక్కంతా అక్కడే. నేనూ, పొరుగింటి నరసింహులూ షాద్‌నగర్‌లో చెరో హోటల్‌కు పాలు పోస్తాం. నా పాలు తగ్గితే నా హోటల్‌ను అతను ఎగరేసుకుపోతాడని నా భయం. అతనికీ నా మీద అదే నమ్మకం! మా ఇద్దరినీ చూసి ఊరంతా చేతులు ముడుచుకుని కూర్చుంది. చివరికి మా ఆవిడే విసుక్కుని, "పట్నంల మా తమ్ముడు ఎట్ల ఏయిస్తున్నడో చూసి రాపో" అంది.

పక్కన చామంతుల గంపతో ఒక ముసలామె కూర్చుంది. "బర్రెల సూదికి పట్నం పోతున్నవా బిడ్డా? నా మోకాళ్ళకు ఏమన్న ఉంటే అడిగి రా" అని నవ్వి, రెండు మక్క గారెలు చేతిలో పెట్టింది. వాటితోనే పొద్దున తిండి గడిచిపోయింది.

కాచిగూడలో దిగి చాయ్ తాగి రిక్షా ఎక్కాను. మాదన్నపేట కూరగాయల మార్కెట్ దగ్గర ఆపి, "ఆగే గల్లీ తంగ్ హై భాయ్" అన్నాడు రిక్షా అతను, ముందు సందు ఇరుకని. అక్కడినుంచి పేడ వాసన పట్టుకుని నడిస్తే చాలు, మా బామ్మర్ది మల్లేశం కొట్టం వచ్చేస్తుంది.

అప్పుడే సగం బర్రెలకు సూది వేయించి కట్టేస్తున్నాడు.

"మిగిలినయి?"

"వచ్చే వారం, బావా. అన్నిటికీ ఒక్కసారి ఏయిస్తే వాడికలకు ఏం పోస్త?"

నెలనెలా పాలు పోయించుకునే ఇళ్ళను వాడికలంటాం. సాయంత్రం అతనితో వెళ్ళాను. తక్కువ పడ్డ పాలు పక్క కొట్టం ఖాజా భాయ్ పోశాడు. అయితే మల్లేశం క్యాన్‌లోనే పోశాడు, ఇళ్ళకు మల్లేశమే తీసుకెళ్ళాడు. వాడిక మల్లేశానిదే. ఖాజా భాయ్ వంతు వచ్చినప్పుడు మల్లేశం పోస్తాడట.

ఒక ఇంటి ముసలమ్మ గిన్నెలోకి చూడగానే ఇవాళ్టివి ఖాజా బర్రె పాలని పట్టేసింది. "ఆజ్ ఖాజా కీ భైంస్ కా దూధ్ హై నా?"

"హౌ అమ్మా, టీకా లగాయా" అని సూది సంగతి చెప్పాడు మల్లేశం.

"అచ్ఛా కరా" అని మెచ్చుకుని గిన్నె లోపలికి తీసుకుపోయింది.

రాత్రి జొన్నరొట్టె, గోంగూర. మంచం కొట్టం పక్కనే వేశారు. దోమలు కుట్టాయి గానీ, మనసు నిమ్మళంగా ఉండి నిద్ర పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం బండికి బయల్దేరాను. ఈసారి ఇంజన్‌కు దూరంగా చివరి పెట్టె ఎక్కాను. షాద్‌నగర్‌లో దిగి ఊరు చేరి, మా ఇంటికి వెళ్ళకముందే నరసింహులు ఇంటికి వెళ్ళి, చూసింది చెప్పాను.

"మొదలు నీ బర్రెలకు ఏయించు. నీ క్యాన్ల నేను పోస్త."

"ఇదేం కొత్త లొల్లి? నా హోటల్ మీద కన్నేసినవా ఏంది?"

"హోటల్‌కు నువ్వే తీస్కపో. నేను గడప దాటను."

బీడీ ముట్టించాడు. "గట్లయితే మొదలు నీ బర్రెలకే ఏయించు" అన్నాడు. సరేనన్నాను.

మా ఇద్దరినీ చూసి ఊరూ ఒప్పుకుంది; అంగడి రాకముందే డాక్టరు వచ్చి సగం ఇళ్ళ బర్రెలకు సూది వేశాడు, నరసింహులువి సహా మిగిలినవి తర్వాతి వారానికి. మా చుక్కకు సూది పడింది, పాలు తగ్గాయి. తెల్లారి సగం క్యాన్‌తో నరసింహులు గడప ముందు నిలబడ్డాను. అతను అంచుదాకా నింపి, కొసరుగా ఇంకో గిద్దెడు పోశాడు.

"హోటలోడు నీ పాలు తగ్గినయనొద్దు."

క్యాన్ సైకిల్‌కు తగిలించుకుని షాద్‌నగర్ వైపు తొక్కుతుంటే, నా మాదన్నపేట ప్రయాణం అప్పుడు పూర్తయినట్టనిపించింది.