పడవ డ్యాష్‌బోర్డుకు బీడీ ఆకు కొలత

గోదావరిలో పడవ మునిగిందంటే ఎవరైనా అయ్యో అంటారు. మా పడవ మునగలేదు. కానీ నేను దానికి చేసిన వైద్యం చూసి, ఇంతకంటే మునిగితేనే నయమని మా ఆయన ఒక పూటంతా తల పట్టుకున్నాడు. ఆ కథే చెప్తాను. నవ్వితే నవ్వండి గానీ నీళ్లు తాగుతూ మాత్రం చదవకండి. పొలమారితే నా పూచీ లేదు.

మాది చెన్నూరు దాటాక గోదావరి ఒడ్డు ఊరు. మా ఆయన మల్లేశం చేపలు పట్టే కర్ర పడవ అమ్మేసి, పాతదే అయినా ఇంజన్ ఉన్న ఫైబర్ పడవ కొన్నాడు. కారుకున్నట్టే దానికీ ముందర స్టీరింగు, పక్కనే నున్నటి తెల్లటి డ్యాష్‌బోర్డు. ఆ డ్యాష్‌బోర్డును నేను రోజూ తడిగుడ్డతో తుడిచేదాన్ని. పెళ్లిలో మా ఆయన మొహం కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

మొదటి గిరాకీ తగిలింది. మా ఊరి రైతు నర్సయ్య మామ బిడ్డ పెళ్లి. పెళ్లికొడుకుది అవతలి ఒడ్డు. పెళ్లి కాగానే పిల్లను, మగపెళ్లివాళ్లను మా పడవ దాటించాలి.

"రోడ్డు మీద పోతె చుట్టూ తిరగాలె. పడవల పోతె అదో మురిపెం" అన్నాడు మామ. "గని మల్లేశం, పాటలుండాలె. పాటలు లేకుంటె చెప్పు, నేను బస్సు మాట్లాడుకుంట."

ఈ గిరాకీ నిలిస్తే ఆ ఎండాకాలం పెళ్లిళ్లన్నీ మావే. జారిపోతే ఆ పడవలో మేమిద్దరమే కూర్చుని షికార్లు చేయాలి.

పాటల పెట్టె ఇంట్లోనే ఉంది. దుబాయిలో ఉన్న మా మరిది ఎవరి పాత కారులోంచో తీసిన స్టీరియో పట్టుకొచ్చాడు. రిమోట్ మాత్రం అక్కడే మర్చిపోయాడు. స్టీరియో డ్యాష్‌బోర్డులో కూర్చోవాలంటే దానికొక కంత కోయాలి. మెకానిక్ సలీం వచ్చి వైర్లు కలిపాడు, ముందు వైపు స్పీకర్లు బిగించాడు, ఇంజన్ తాళం తిప్పగానే పాట దానంతటదే మొదలయ్యేలా చేశాడు. కంత దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశాడు.

"అక్కా, నేను వైర్ల మనిషిని. కోసుడు నాతోని కాదు. నా జిగ్‌సా కోత మిషన్ ఇస్త, మల్లేశమన్న వచ్చినంక కోసుకొమ్మను."

మా ఆయన అప్పటికే ఇంజన్ సామానేదో తేవడానికి మంచిర్యాల పోయాడు. పోతూ పోతూ, "నేను వచ్చేదాక పడవకు ఎవ్వలు చెయ్యి పెట్టద్దు" అన్నాడు. చూడండి, ఆయన ఆ మాట అనకుండా పోయి ఉంటే నేను పడవ వైపు తొంగి కూడా చూసేదాన్ని కాదు.

తెల్లారితే పెళ్లి. పొద్దు వాలుతోంది. ఫోన్ చేస్తే "బస్సు దొర్కలే" అంటున్నాడు. ఇక నేనూ మా అత్తా కలిసి ఇంట్లో కోసే వస్తువు ఏదుంటే అది ఒడ్డుకు మోసుకొచ్చాం. కొడవలి, గొడ్డలి, కత్తిపీట, రంపం, నా బీడీ కత్తెర. అన్నీ గోనెసంచి మీద పరిస్తే, పడవకు ఆపరేషన్ చేస్తున్నామో మేకను కోసి దావత్ ఇస్తున్నామో దారిన పోయేవాళ్లకు అర్థం కాలేదు.

"కొడవలితోని గీకరాదే" అంది అత్త.

"గీకుతె గీత పడ్తది గని కంత పడ్తదా అత్తా?"

"మరి గొడ్డలి?"

"పడవ రెండు ముక్కలైతది."

"అయితె మంచిదేనాయె. ఒకటి పెద్దోనికి, ఒకటి చిన్నోనికి. రేపు పంపకాల కొట్లాట ఉండది."

రంపం తీశాను. దాని పళ్లు మా తాత పళ్లలా ఒకటి ఉంటే ఒకటి లేదు. కత్తిపీటను పడవలోకి ఎక్కించాను గానీ, దాని మీద నేను కూర్చోవాలా పడవను కూర్చోబెట్టాలా తెలియలేదు. చివరికి సలీం మిషన్ చేతిలోకి తీసుకున్నాను. కుట్టుమిషన్‌కు కోపం వస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"నువ్వు కోస్తవా అక్కా?" సలీం గుడ్లు తేలేశాడు.

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉన్నయ్ గని, జర సమజ్ చేసుకో. మొదలు మూలలకు డ్రిల్లుతోని కంతలు కొట్టాలె. అండ్ల నుంచి బ్లేడు దూర్చాలె. సన్న పండ్ల బ్లేడే పెట్టాలె, లేకుంటె ఫైబర్ పెచ్చులు లేస్తది."

"చిన్నప్పటి సంది బీడీలు చేస్తున్న తమ్మీ. కోసుడు నాకు నేర్పకు."

"అక్కా, గది ఆకు. గిది ఫైబర్."

"కోసుడంటె కోసుడే."

సలీం మిషన్‌కు సన్న పళ్ల బ్లేడు బిగించి, డ్రిల్లు పక్కన పెట్టి, "నమాజ్‌కు పోయొస్త. జర ఆగు, ఫికర్ చెయ్యకు" అని వెళ్లాడు. నేను ఫికర్ చేయలేదు. ఆగనూ లేదు.

బీడీ ఆకు కోయడం ఎట్లాగో తెలియనివాళ్లకు చెప్తాను. తునికాకు మీద కొలత రేకు పెట్టి, దాని అంచు వెంట కత్తెర తిప్పాలి. రేకు ఎంతుందో ఆకు ముక్క అంతే రావాలి. మిగిలినదంతా చెత్త. ఆ పనిలో మా వాడకట్టులో నన్ను మించిన చెయ్యి లేదు. కాబట్టి స్టీరియోను పట్టుకుని డ్యాష్‌బోర్డు మీద బోర్లా పెట్టాను, అచ్చం రేకు పెట్టినట్టే. దాని మొహం చుట్టూ మేకుతో గీత గీశాను. గీత మూలలకు డ్రిల్లుతో కంతలు కొట్టి, మిషన్ ఆన్ చేశాను.

అది గుర్రుమంది. పిండి మరలో నిలబడ్డట్టు తెల్లటి పొడి లేచింది. ఆ పొడి దురద ఉంది చూశారూ, దాని గురించి విడిగా ఒక కథ రాయొచ్చు. అయినా బ్లేడు గీత దాటలేదు. చివరి మూల తెగి, ముక్క చేతిలోకి వచ్చింది. ఏమి ముక్క! స్టీరియో మొహానికి ఆనిస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎంత సక్కగ కోసినవే! మూలలు చూడు, బిస్కెట్ తీర్గ ఉన్నయ్" అని మురిసిపోయి అత్త దాన్ని ఒడ్డు మీద ఆడవాళ్లందరికీ చూపించుకొచ్చింది. వాళ్లూ తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నారు.

అంతలో సలీం తిరిగొచ్చాడు. ముక్కను చూసి "వహ్వా" అన్నాడు. తర్వాత స్టీరియోను ఒకసారి, డ్యాష్‌బోర్డును ఒకసారి మార్చి మార్చి చూశాడు.

"అక్కా, ఒక్క మాట. మనకు కావాల్సింది ముక్కనా, కంతనా?"

"ఏదైతేంది? రెండు ఒక్కటే కొలత గదా" అంటూ స్టీరియోను తీసి కంతలో పెట్టాను.

పెట్టాను అన్నానా? అది పోయింది. ఎక్కడా ఆగలేదు. మొహంతో సహా లోపలికి జారి, పడవ ముక్కులోకి దొర్లి, ఎక్కడో ఇరుక్కుని "ఠక్" అంది.

"మొఖం చుట్టూ అంచుంటది అక్కా! అంచు బయట ఆగాలె, ఒళ్లు లోపటికి పోవాలె. కంత ఒళ్లు పట్టేటంతనే కొయ్యాలె" అని సలీం నెత్తి కొట్టుకున్నాడు. చెయ్యి పెడితే అందదు. వైరు లాగితే తెగుతుంది. అసలు బతికుందో లేదో చూద్దామని సలీం తాళం తిప్పాడు. బతికే ఉంది! పడవ ముక్కంతా డప్పు అయిపోయి, తీన్‌మార్ పాట గోదావరి అవతలి ఒడ్డుకు వినపడింది. తగ్గిద్దామంటే మీట లోపల. ఆపాలంటే ఇంజనే ఆపాలి.

చీకటి పడక ముందే మా ఆయన దిగాడు.

"ఏందే గిది?"

"కంత."

"స్టీరియో ఏది?"

"ఉన్నది."

"ఎక్కడున్నది?"

నేను పడవ ముక్కు వైపు చూశాను, అత్త ఆకాశం వైపు చూసింది, సలీం తన చెప్పుల వైపు చూశాడు. మా ఆయన ఇసుకలో కూలబడ్డాడు. "రేపు నర్సయ్య మామకు ఏం చెప్పాలె?"

"ఏం చెప్పకు. పాట వస్తున్నది గదా" అన్నాను. తెల్లారి ఆ కంత మీద బంతిపూల దండ కట్టాం.

పెళ్లయింది. అందరూ రేవుకు వచ్చారు. పిల్ల తల్లిని పట్టుకుని ఒకటే ఏడుపు. పాటలు పాటలు అని మా ప్రాణం తీసిన మామ ఇప్పుడు తువ్వాలతో కళ్లొత్తుకుంటూ, "మల్లేశం, పాట పెట్టకు రా. బిడ్డను సాగదోలుతున్న" అన్నాడు.

పిల్ల ఎక్కింది. తాడు విప్పారు. మా ఆయన దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పాడు. డండనక డండనక!

తల్లి ఏడుపు సగంలో ఆగిపోయింది. "ఆపురా!" అని మామ అరిచాడు. ఆపాడు. పాట ఆగింది, ఇంజనూ ఆగింది, పడవ వాలుకు కొట్టుకుపోవడం మొదలుపెట్టింది.

"ఎటు తీస్కపోతున్నవ్ రా నా బిడ్డను?"

మళ్లీ తిప్పాడు. డండనక!

"పాట ఆపుమంటె!"

"మామా, పాట ఆగితె పడవ ఆగుతది! ఏదన్న ఒక్కటి చెప్పు!"

నేను ఒడ్డు మీద నుంచే చూస్తున్నాను. ఆ ఎండాకాలం గిరాకీలన్నీ ఒక్కొక్కటే నీళ్లలో కలిసిపోతున్నట్టు కనిపించింది. అప్పుడు, చెంపల మీద కన్నీళ్లు అట్లాగే ఉండగా, పెళ్లికూతురు ఫక్కున నవ్వింది. ఆమెను చూసి పెళ్లికొడుకు, వాళ్ల ముసలవ్వ, ఇక పడవంతా నవ్వే. ముసలవ్వ కొంగు బిగించి ఊగసాగింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ మామ కళ్లు తుడుచుకుంటూనే భుజాలు ఆడించాడు.

"ఏడ్సుకుంట పోయినోళ్లనే చూసిన. నవ్వుకుంట అత్తగారింటికి పోయింది నా బిడ్డనే" అని తల్లి అప్పటి నుంచి ఇప్పటిదాకా కనపడ్డ ప్రతివాళ్లకూ చెప్తూనే ఉంది.

ఆ ఎండాకాలం మా రేవులో తీరిక లేదు. "కడుపుల పాడే పడవ కావాలె" అని అడిగి మరీ వచ్చారు. మా ఆయన కూడా, అదేదో దుబాయి పద్ధతి అన్నట్టు మీసం తిప్పుతూ తిరిగాడు. ఒకరోజు పక్క రేవు పడవాయన చంకలో కొత్త స్టీరియో పెట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు.

"అక్కా, అందరు మీ పడవనే అడుగుతుండ్రు. మా దానికి గూడ జర గట్లనే తప్పు కోసి పెట్టరాదు?"

ఆ క్షణమే గోదావరి వైపు తిరిగి, బీడీ కత్తెర నెత్తిన పెట్టుకుని, గంగమ్మ సాక్షిగా ఒట్టు వేశాను. ఈ జన్మలో ఇంకే పడవకూ, కారుకూ, ట్రాక్టరుకూ కంత కోయను. ముక్క కావాలంటే మొహమాటపడకండి, వెంట్రుకవాసి తేడా లేకుండా కోసిస్తాను. కంత కావాల్సినవాళ్లు మాత్రం దయచేసి ఇంకో ఇల్లు చూసుకోండి.