ఫల్గుణ దాచిన పేజీ

డుంబ్రిగుడ సంతవీధిలో 2006లో ఫల్గుణ పెట్టిన ఇంటర్నెట్ సెంటర్‌కి ఒకటే టెలిఫోను లైను. నాలుగు కంప్యూటర్లూ దాని మీదే బతకాలి. వాన పడితే ఒక పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. విశాఖలో డిప్లొమా చదివిన ఫల్గుణ ఒక పాత కంప్యూటరును ప్రాక్సీ సర్వర్‌గా మార్చాడు. ఒకసారి చూసిన పేజీ అందులో నిలవ ఉంటుంది. మళ్లీ అడిగితే లైనుతో పనిలేకుండా అక్కడి నుంచే వస్తుంది.

అయితే హాల్‌టికెట్ నంబరు కొడితే వచ్చే ఫలితాల్లాంటి పేజీలను అది దాచదు. వాటిలో జవాబు మారుతుంది కనుక దాచకూడదని సెట్టింగుల్లో ముందే రాసి ఉంది. కొండల మీంచి జీపుల్లో దిగేవాళ్లు వచ్చేదేమో ఆ పేజీల కోసమే. ఫల్గుణ ఆ వరుస కొట్టేసి, వాటినీ నెల రోజులు దాచమని రాశాడు. పేజీలు చటుక్కున తెరుచుకునేసరికి సెంటర్‌కి పేరొచ్చింది.

కృపావతి టీచరు పోస్టుకి పరీక్ష రాసింది. వాళ్ల ఊళ్లో ట్రైనింగు పూర్తిచేసిన మొదటి మనిషి ఆమే. ఒకటో తేదీ సంతకి వచ్చి నంబరు కొట్టింది. ఫలితాలు ఇంకా ప్రకటించలేదని వచ్చింది. ఎనిమిదిన వచ్చినా అదే.

"ఏటన్నా, మళ్లీ అదేనా?"

"గవర్నమెంటోలు ఇంకా నిద్దర్లెగలేదమ్మా."

"నీ కంప్యూటరే తొంగుందేటో సూడు!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

పదిహేనున ఆమె పక్క కుర్చీలో బిందుమాధవి కూర్చుంది. మైదానం నుంచి బంధువులింటికి వచ్చిన అమ్మాయి. అదే పరీక్ష రాసి, మొదటిసారి నంబరు కొట్టింది. ఎంపిక కాలేదని వచ్చింది. కృపావతికి మాత్రం పాత మాటే. రెండు తెరలూ చూసి ఫల్గుణ లేచాడు. ప్రాక్సీలో దాచినవన్నీ తుడిచేసి ఆమె నంబరు మళ్లీ కొట్టాడు.

కృపావతి ఎంపికైంది. ఫలితాలు మూడునే వచ్చాయి. సర్టిఫికెట్ల పరిశీలన పన్నెండున అయిపోయింది.

మర్నాడు ఇద్దరూ విశాఖ ఆఫీసుకి వెళ్లారు. తప్పు తనదని ఫల్గుణ రాసిన కాగితం గుమస్తా చదివి తిరిగి ఇచ్చేశాడు.

"నెట్‌లో పెట్టేం. సూసుకోవాలి కదమ్మా."

"సూసానండి. ప్రతి సంతకీ సూసాను."

ఆ పోస్టు అప్పటికే తర్వాతి పేరుకి వెళ్లిపోయింది.

తిరుగు బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఆమె అడిగింది. "నా పక్కన కూకున్న గుంటకి సరిగ్గా ఎలాగొచ్చిందన్నా?"

"తను ముందు సూడలేదు కాబట్టి. నువ్వు ఒకటిన సూసిందే నీకు మళ్లీ మళ్లీ సూపించింది."

"ఒకటిన నేను రాకపోతే?"

"ఎనిమిదిన సరైందే వొచ్చును."

కృపావతి సర్టిఫికెట్ల కవరు ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"బేగి తెలుసుకుందామనే కదన్నా వొచ్చినాను."