మిడత, ఒంటె, మూడు మిస్డ్ కాల్స్

మా ఆయన రోజూ పటమట నుంచి మైలవరం దాకా బండి మీద వెళ్లి, అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి వస్తారు. కాలేజీ బస్సు ఉంది. అది ఊరంతా చుట్టి వెళ్లేసరికి మొదటి క్లాసు అయిపోతుందంటారు. నిజమే కావచ్చు. కానీ అసలు కారణం ఆయన స్పోర్ట్స్ బైక్ అని ఇంట్లో అందరికీ తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్లికి ముందు కొనుక్కున్నారు. ఎర్రగా, వెనక భాగం పైకి లేచి, ఎవరి మీదకో దూకబోతున్నట్టు ఉంటుంది. మా అత్తగారు దానికి మిడత అని పేరు పెట్టారు.

పెళ్లయిన కొత్తలో మిడతంటే నాకూ ఇష్టమే. వెనక సీటు అరచేయి అంత ఉండేది. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుంటే బ్రేకు వేసినప్పుడల్లా ఆయన వీపు మీదకు జారిపోయేదాన్ని. అప్పుడది లోపం అనిపించలేదు.

పాప పుట్టాక అన్నీ లోపాలే కనిపించాయి. సెల్లార్‌లో ఆ బండి స్టార్ట్ అయిన శబ్దం వినపడితే చాలు, దారిలో ఇబ్రహీంపట్నం దగ్గర తిరిగే థర్మల్ కేంద్రం బూడిద లారీలు నా కళ్ల ముందు వరసగా నిలబడేవి. ఒకరోజు ఉండబట్టలేక ఆయనకు ఒక నియమం పెట్టాను. గొల్లపూడి దాటాక ఒక మిస్డ్ కాల్, కొండపల్లి దాటాక ఒకటి, కాలేజీ చేరాక ఒకటి. ఒక్క రింగు చాలు, నేను ఎత్తను.

"బండి నడిపేవాడు ఫోన్ ఎలా చేస్తాడే?" అన్నారు ఆయన.

"ఒక్క నిమిషం ఆగితే ఏం పోతుందండీ?" అన్నాను.

ఆగేవారు. ఏడాదికి పైగా ఒక్కరోజు తప్పకుండా ఆగారు. రింగు వచ్చినప్పుడల్లా వంటింట్లో క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో ఒక చుక్క పెట్టేదాన్ని. మూడో చుక్క పడ్డాకే నాకు టిఫిను దిగేది. రెండున్నరేళ్ల పాపకు కూడా ఇది అలవాటై, ఫోన్ మోగి ఆగిపోతే "నాన్న ట్రింగ్" అని చప్పట్లు కొట్టేది.

మిడతను వదిలించాలన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు. దారి మా తమ్ముడి రూపంలో దొరికింది. వాడు మంగళగిరిలో ఒక ఆఫీసులో పనిచేస్తాడు. ఇల్లు కూడా అక్కడే. హిమాలయాలకు వెళ్తానని రెండేళ్ల క్రితం అడ్వెంచర్ బైక్ కొన్నాడు. ఎత్తయిన సీటు, వెడల్పాటి హ్యాండిల్, ముందు అద్దం, రెండు పక్కలా సామాను కట్టుకునే కడ్డీలు. ఇంతవరకూ అది ఎక్కిన ఎత్తు కృష్ణా నది మీది వారధి ఒక్కటే. అది కూడా మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు.

ఒక ఆదివారం వాడు భోంచేస్తుండగా అడిగాను.

"రాళ్లల్లో, గుంటల్లో నడిపే బండి పెట్టుకుని నువ్వు నున్నటి హైవే మీద ఆఫీసుకెళ్తున్నావు. రేసు బండేసుకుని మీ బావ గుంటల్లో వెళ్తున్నారు. ఇదేం లెక్కరా?"

"నిజమే అక్కా. ఎమ్మెస్సీ చదివావని ఇవాళ నమ్ముతున్నా," అన్నాడు వాడు. మిడత మీద వాడికి ఎప్పటినుంచో కన్ను.

పది రోజులు మార్చుకుని చూడాలని, నచ్చితే అలాగే ఉంచుకోవాలని, లేకపోతే ఎవరి బండి వాళ్లు తీసుకోవాలని తేల్చాం. మా ఆయన కలిపిన పెరుగన్నమే మళ్లీ మళ్లీ కలిపారు. చివరికి "పది రోజులేగా" అన్నారు, పిల్లను పది రోజులు ఊరికి పంపుతున్నట్టు.

కిందకి దిగి ఆ బండెక్కి చూస్తే ఆయన రెండు పాదాల వేళ్లూ నేలకు ఆనీ ఆననట్టున్నాయి. మా ఆయన ఎత్తు గురించి ఇంతకన్నా రాయడం బాగుండదు.

"ఇది ఒంటెరా అబ్బాయ్. నిచ్చెన కూడా ఇస్తారా దీంతో?" అని అడిగారు అత్తగారు.

"స్టూలు పంపిస్తానండీ," అన్నాడు తమ్ముడు.

"నడిపేటప్పుడు కాళ్లతో పనేంటోయ్?" అన్నారు మా ఆయన. "కాళ్లు కావాల్సింది ఆగినప్పుడేగా!"

అందరం నవ్వాం. అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆయన్ని కూర్చోబెట్టి రెండు బండ్ల గురించీ అడిగేదాన్ని. ఆయన నిజాయితీగానే చెప్పేవారు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మిడతే మేలట. రెండు ఆటోల మధ్య సందు దొరికితే జారిపోతుంది. ఒంటె హ్యాండిల్ వెడల్పుకి ఆటోల వెనకే నిలబడాలి. ఇబ్రహీంపట్నం దాటాక మాత్రం ఒంటెకు తిరుగులేదు. గుంట వచ్చిందని చక్రానికి తెలుస్తుంది గాని నడుముకు తెలియదు. మిడత మీద ఒంగి ఒంగి మణికట్లు లాగేవి, ట్రాఫిక్‌లో ఇంజన్ వేడికి తొడలు కాలేవి. ఒంటె మీద కుర్చీలో కూర్చున్నట్టే. పైగా లారీ డ్రైవరు అద్దంలో మనిషి కనిపిస్తాడు.

"ఆ చివరి మాట మళ్లీ చెప్పండి," అన్నాను నేను.

కాలేజీ చేరడం రోజుకి నాలుగైదు నిమిషాలు ఆలస్యమవుతోంది. నాకది పెద్ద విషయం కాదు. ఇంటికి రాగానే నడుం పట్టుకుని సోఫాలో వాలిపోయే మనిషి పాపను భుజానికెత్తుకుని బాల్కనీలో తిప్పుతున్నారు. పదో రోజు దాకా ఆగక్కర్లేదు, ఒంటె మాదే అనుకున్నాను.

ఆరో రోజు సాయంత్రం ఆయన ఒక సంచీ నిండా పచ్చి మామిడికాయలతో వచ్చారు. మైలవరం వైపు తోటలు ఎక్కువ కాబట్టి కాయల గురించి నేనేమీ అనుకోలేదు. కానీ గుమ్మంలో చెప్పులు విప్పేలోపే చొక్కా చేతులు మడిచేసే మనిషి ఆ రోజు మడవలేదు. అత్తగారు వెళ్లి ఎడమ చేతి గుండీ విప్పారు. మోచేయి దగ్గర అంగుళం మేర గీరుకుపోయి, పైన ఎర్రటి మందు రాసి ఉంది.

"ఏంట్రా ఇది?"

"గేదె అడ్డొచ్చిందమ్మా. ఏం కాలేదు."

"ఎక్కడ?" అని అడిగాను.

"కొండపల్లి దాటాక. పొద్దున వెళ్లేటప్పుడు."

నేను క్యాలెండర్ వైపు చూశాను. ఆ రోజు గడిలో మూడు చుక్కలూ ఉన్నాయి. రెండోది కూడా వేళకే పెట్టాను. పాప చప్పట్లు కూడా కొట్టింది.

"కొండపల్లి మిస్డ్ కాల్ వచ్చిందిగా. పడకముందు ఇచ్చారా, పడ్డాక ఇచ్చారా?"

ఆయన పాప జుట్టు సర్దడం మొదలుపెట్టారు.

"మిమ్మల్నేనండీ."

"ఇచ్చి ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే."

"మరి గేదె ఏదిరా?" అన్నారు అత్తగారు.

"గేదె లేదమ్మా."

అప్పుడు చెప్పారు. మిస్డ్ కాల్ ఇవ్వడానికి రోజూ రోడ్డు మార్జిన్‌లోకి దిగి ఆగుతారు. మిడత మీదైతే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేవి, కాబట్టి నేల ఎలా ఉన్నా ఇబ్బంది లేదు. ఆ రోజు ఎడమ పక్క నేల పల్లంగా ఉంది. ఫోన్ జేబులో పెట్టుకుంటూ కాలు కిందకి చాపితే, కాలికి నేల తగల్లేదు. ఒంటె మెల్లగా పక్కకు ఒరిగి, ఆయన్ని కూడా తీసుకుని పడుకుంది. వెనకే ఆటోలో మామిడికాయలు తీసుకెళ్తున్న ఇద్దరు దిగి బండి లేపారు. "ఆగిన బండి మీంచి పడటం మేం ఎక్కడా చూళ్లేదండీ మాస్టారూ" అని నవ్వి, వద్దంటున్నా వినకుండా సంచీ నింపి ఇచ్చారట.

అత్తగారు ముందు నవ్వారు. నవ్వుతూనే కొడుకు మోచేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. నాకు నవ్వు వచ్చింది గాని బయటికి రాలేదు. నేను ఇక్కడ "క్షేమం" అని చుక్క పెడుతున్న సమయానికి ఆయన అక్కడ రోడ్డు పక్కన పడి ఉన్నారు. పైగా ఆగింది ఆ చుక్క కోసమే. ఆ మాట ఆయన అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని. అనకపోవడంతో పోట్లాడే వీలు కూడా లేకుండా పోయింది.

కాయలు తరుగుతూ ఆలోచించాను. నా మిస్డ్ కాల్స్‌కి మిడత మంచిది. ఆయన వెళ్లే రోడ్డుకి ఒంటె మంచిది. ఒంటె కావాలంటే దారిలో చుక్కలు వదులుకోవాలి. చుక్కలు కావాలంటే ఆ నడుంనొప్పి, లారీ డ్రైవర్ల కంటికి ఆనని ఆ పొట్టి బండి, అన్నీ వెనక్కి తెచ్చుకోవాలి. రెండూ దక్కే దారి ఎంత వెతికినా కనిపించలేదు.

"రేపట్నుంచి మధ్యలో ఎక్కడా ఆగకండి. చేరాక ఒక్కటి చాలు," అన్నాను.

"నిజంగానా?" అన్నారు ఆయన. నమ్మినట్టు లేరు.

మర్నాడు పొద్దున ఫోన్ మోగేదాకా నేను ఇల్లు రెండుసార్లు ఊడ్చాను. ఆ తర్వాతి రోజు ఒకసారి.

పదో రోజు తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, నా ఒంటెను పంపిస్తున్నారా?" అన్నాడు.

"పంపించం. నువ్వు మిడత ఉంచేసుకో. సీటు ఎత్తు తగ్గించే మెకానిక్ ఎవరైనా ఉంటే చెప్పు."

వాడి కేక ఇంట్లో అందరికీ వినపడింది. మెకానిక్ సీటులో స్పాంజి రెండు వేళ్ల మందం కోసేశాడు. ఇప్పుడు మా ఆయన పాదాలు దాదాపు సగం నేల మీద ఆనుతున్నాయి.

మొన్న శనివారం ఆయనకు కాలేజీలో గంటసేపు పని ఉంటే నేనూ వస్తానన్నాను. ఆ రోడ్డును ఒకసారి నా కళ్లతో చూడాలనిపించింది. చుడీదార్ వేసుకుని, సెల్లార్ మెట్టు మీద నిలబడి ఒంటె ఎక్కాను. అంత ఎత్తు నుంచి బెంజ్ సర్కిల్ వేరే ఊరిలా ఉంది. ఆటోల టాపుల మీదుగా అవతలి సిగ్నల్ దాకా కనిపించింది. ఇబ్రహీంపట్నంలో బూడిద లారీ పక్కనుంచి వెళ్లినప్పుడు కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది వెనకెక్కడో ఉంది.

కొండపల్లి దాటాక ఆయన వేగం తగ్గించి ఎడమ పక్కకు చూపించారు. "అదిగో, అక్కడే."

తారు అంచు జానెడు ఎత్తున తెగి ఉంది. దాని కింద గులకరాళ్లు, పల్లం. ఒక లారీ ఆ అంచు మీదుగానే దూసుకుపోయింది. ఏడాదికి పైగా ఆయన రోజూ అక్కడ దిగి నిలబడ్డారు. నేను ఆయన భుజం మీద చేయి వేసి, "పోనివ్వండి" అన్నాను.

మైలవరంలో టీ దుకాణం ముందు దిగి ఫోన్ తీసి చూస్తే, ఇంటి నుంచి ఏడు మిస్డ్ కాల్స్. పాపకు ఏమైందో అనుకుని వెంటనే ఫోన్ చేశాను.

"ఏమ్మా, గొల్లపూడి దగ్గర లేదు, కొండపల్లి దగ్గర లేదు! పిల్ల ట్రింగేది, ట్రింగేది అని నా ప్రాణం తీస్తోంది," అన్నారు అత్తగారు.

"బండి మీద ఉంటే ఫోన్ ఎలా చేస్తామండీ అత్తయ్యగారూ?"

"ఒక్క నిమిషం ఆగితే ఏం పోతుందే అమ్మాయ్?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఆయనకు నవ్వొచ్చి చేతిలోని టీ సగం ఒలికిపోయింది.