హన్మంతు కాక ఆరు సంతకాలు

హన్మంతు కాక బొటనవేలిని ఆయన తోడల్లుడు బిక్షం ఒకసారి మూడు నిమిషాలు వాడుకున్నాడు. కొత్త బోరు మోటారుకు కరెంటు రావాలంటే దరఖాస్తు మీద వేలిముద్ర కావాలన్నాడు. చేవెళ్లలో ఒక వరండాలో కూర్చోబెట్టి, నీలం సిరా తానే పూసి, తానే ఒత్తించి, తన రుమాలుతో తానే తుడిచి, చాయ్ కూడా తాగించాడు. రెండు నెలలకు సురంగల్ రోడ్డు పక్కన కాకకున్న ఇరవై గుంటల్లో ప్లాట్లకు తెల్ల రాళ్లు పాతారు. అక్కడి నుంచి హైటెక్ సిటీ ముప్పై నిమిషాలని బోర్డు పెట్టారు. ఆ ముప్పై నిమిషాలు ఏ బండి మీదో బోర్డులో లేదు. కాక పెద్దమనుషుల దగ్గరికి పోతే వాళ్లు కాగితం చూసి, వేలు నీదే కదా అన్నారు. వేలు ఆయనదే. కరెంటు మాత్రం రాలేదు.

అది తొంభై తొమ్మిదిలో. ఆ రోజు నుంచి కాక బొటనవేలికి సిరా తగలనివ్వలేదు. తొమ్మిదో తరగతి చదివే కూతురు రేణుకను కూర్చోబెట్టుకుని సంతకం నేర్చుకున్నాడు. అక్షరాలు నేర్చుకోలేదు, సంతకమే నేర్చుకున్నాడు. ఆయన దాన్ని రాయడు, దున్నుతాడు. ఎడమ గట్టు నుంచి మొదలుపెట్టి కుడి గట్టు దాకా పోతాడు. కింద మూడు కాగితాల మీద కూడా అచ్చు పడుతుంది. పైగా ఆ సంతకం ఆ రోజు చేసిన పనిని బట్టి ఉంటుంది. పార పట్టిన రోజు ఒక పక్కకు ఒరుగుతుంది. పంటకు మందు కొట్టిన రోజు వణుకుతుంది. ఏ పనీ లేని రోజు నిటారుగా నిలబడుతుంది. చేవెళ్ల బ్యాంకులో దీని వల్ల ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. అక్కడి గుమాస్తా సంతకం చూడడు, మొహం చూస్తాడు.

రెండువేల మూడులో ఒక డ్రిప్పు పైపుల కంపెనీ పది మంది పూల రైతులను నాలుగు రోజులు బ్యాంకాక్ తీసుకుపోయి అక్కడి పూల మార్కెట్ చూపిస్తానంది. కాక బంతిపూల మడి ఫోటో వాళ్ల కరపత్రం మీద పడింది కాబట్టి ఆయన పేరు కూడా వచ్చింది. టికెట్టు, గది, రెండు పూటల తిండి కంపెనీవి. మిగతా ఖర్చు ఎవరిది వాళ్లదే. పెద్దరికానికి జైపాల్ వెంట పోతున్నాడు. చేవెళ్లలో ఆ కంపెనీ పైపులమ్మేది ఆయనే.

కాక దగ్గర రెండు కోతల పూల పైసలు పద్నాలుగు వేలున్నాయి. వాటిని ఎట్లా తీసుకుపోవాలన్నది వారం రోజుల చర్చ. నేను అప్పుడు చేవెళ్ల బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణంలో పని చేసేవాణ్ని కాబట్టి చర్చ అంతా నా ముందే జరిగింది. డాలర్లు కొని సాక్సుల్లో పెట్టుకొమ్మన్నాడు జైపాల్. కాక జన్మలో సాక్సులు తొడగలేదు. జైపాల్ తన కొత్త క్రెడిట్ కార్డు తీసి అందరికీ చూపించి, ఎవరి చేతికీ ఇవ్వకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కాక భార్య సాలమ్మ నడుముకు కట్టే సంచి కుట్టిస్తానంది. విమానంలో చెక్ చేసేటప్పుడు అందరి ముందూ నడుము విప్పాలా అని కాక అడిగాడు.

నేను చిత్తు కాగితాల కొట్టులో కిలోల లెక్కన కొన్న పాత పత్రికలు చదివి ప్రపంచం తెలుసుకున్నవాణ్ని. ట్రావెలర్స్ చెక్కులు తీసుకొమ్మన్నాను. కొనేటప్పుడు పైన ఒక సంతకం చేస్తారు, మార్చుకునేటప్పుడు అక్కడి గుమాస్తా ముందే కింద ఇంకొకటి చేస్తారు, మధ్యలో దొంగ కొట్టేసినా వాడికి పనికిరాదు అని చెప్పాను.

"నా సంతకం లేకుంటే చెల్లదా?" అన్నాడు కాక.

"చెల్లదు కాకా."

"నా వేలు గుంజుకొని పెట్టిచ్చినా చెల్లదా?"

"చెల్లదు."

ఇదే మాట మూడుసార్లు అడిగాడు. ఇంక ఎవరు చెప్పినా వినలేదు. రెండు సంతకాలు ఒకేలా ఉండాలన్న వాక్యం కూడా ఆ పత్రికలో నేను చదివాను. చిన్న విషయమనుకుని కాకకు చెప్పలేదు.

అబిడ్స్‌లో డబ్బు మార్చే ఆఫీసుకు ఇద్దరం పోయాం. యాభై డాలర్ల చెక్కులు ఆరు. ఆరింటి మీదా పై సంతకాలు చేయడానికి గంటా పది నిమిషాలు పట్టింది. మొదటిది పెళ్లికొడుకులా నిటారుగా వచ్చింది. మూడోదానికి చెమట పట్టింది. ఆరోదానికొచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోయి, చివరి అక్షరం గట్టు మీది నుంచి కిందికి జారింది. అక్కడి అమ్మాయి మాకు రెండుసార్లు నీళ్లు ఇచ్చింది.

బ్యాంకాక్‌లో జరిగినదాన్ని జైపాల్ ఒకలా, కాక ఒకలా చెప్పారు. ఇద్దరి మాటలూ ఎక్కడ కలిశాయో ఆ మేరకే రాస్తున్నాను. మొదటి రెండు రోజులు పైసల అవసరం రాలేదు. మార్కెట్లో కాక బంతిపువ్వును గిల్లి చూసి, మన పువ్వు బరువెక్కువని తేల్చాడు. తర్వాత దండలు గుచ్చే ఆడవాళ్ల దగ్గర ఆగిపోయాడు. వాళ్ల చేతుల్లో మోచేయంత పొడవు ఉక్కు సూదులు. సూది నిండా పూలు ఎక్కించి ఒక్క లాగుడుతో దారంలోకి దింపుతున్నారు. ఇంటి దగ్గర సాలమ్మ, ఇంకో ముగ్గురు కూలీలు చిన్న సూదితో ఒక్కొక్క పువ్వే గుచ్చుతారు. దసరా వచ్చిందంటే వాళ్ల వేలికొసలు జల్లెడే. కాక పన్నెండు సూదులు బేరమాడి, ఒక చెక్కు తీసి ఇచ్చాడు. సూదులమ్మే ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, నవ్వి, వెనక్కి ఇచ్చేసింది.

జైపాల్ తాను ఇస్తానన్నాడు. కాక ఒప్పుకోలేదు. ఒకసారి షాబాద్ సంతలో జైపాల్ ఆయనకు కొబ్బరిబొండం ఇప్పిస్తే, వాళ్లిద్దరూ సురంగల్ చేరకముందే ఆ సంగతి చేరింది. బ్యాంకాక్‌లో సూదులు ఇప్పిస్తే చేవెళ్ల మండలంలో ఇంక తలెత్తుకోవడం కష్టం.

ఆఖరి రోజు పొద్దున బ్యాంకుకు పోయారు. అద్దం వెనక ఉన్న అమ్మాయి మొదటి చెక్కును, పాస్‌పోర్టును పక్కపక్కన పెట్టి చూసింది. పాస్‌పోర్టు మీది సంతకం మందు కొట్టిన నాటిది. ఆమెకు అనుమానం వచ్చి, చెక్కు మీద కాదు, ముందు తెల్ల కాగితం మీద చేయమంది. కాక చేశాడు. ఆమె లేచిపోయి కళ్లద్దాల ఆఫీసరును తీసుకొచ్చింది. ఆయన గైడుకు చెప్పాడు, గైడు జైపాల్‌కు ఇంగ్లీషులో చెప్పాడు, జైపాల్ కాకకు చెప్పాడు: ఇవి ముగ్గురు మనుషుల సంతకాలట.

"ముగ్గురు గాదు. నేనొక్కన్నే, మూడు దినాలల్ల" అన్నాడు కాక.

దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం జైపాల్ వల్ల కాలేదు. ఆఫీసరు మంచివాడే. కాసేపు ఆలోచించి, ఒక కాగితం మీద ఏదో రాసి, సిరా ప్యాడుతో పాటు అద్దం కింది నుంచి తోశాడు. వేలిముద్ర వేసి, పాస్‌పోర్టు నంబరు రాస్తే చాలట. కాక పిడికిలి బిగించి చేయి వెనక్కి పెట్టుకున్నాడు.

"పెట్టరాదే కాకా, ఈడ నిన్నెవడు మోసం జేస్తడు?" అన్నాడు జైపాల్.

"కాయితంల ఏం రాసిండో చదివినవా?"

"గది థాయి భాష. నాకేం తెల్సు?"

"బిక్షం కాయితం తెలుగుల్నే ఉండె."

తర్వాత కాక తెల్ల కాగితాలు అడిగి తీసుకుని, సోఫాలో కూర్చుని, మొదటి చెక్కు ముందు పెట్టుకుని తన సంతకాన్ని తానే దొంగ సంతకం చేయడం మొదలుపెట్టాడు. ముప్పావు గంట చేశాడు. మిగతా రైతులు బస్సులో ఎదురుచూశారు. ఎంత చేసినా ఆ పెళ్లికొడుకు రాలేదు. సంతకాలు ఒరుగుతూ పోయాయి. వేళ్లు కొంకర్లు పోయాయి. నలభయ్యో సంతకానికో యాభయ్యోదానికో చివరి అక్షరం గట్టు దిగి కిందికి జారింది. కాక దాన్ని చూసి, మొదటి చెక్కు జేబులో పెట్టి, ఆరోది తీశాడు. చేయి చల్లారకముందే గబగబా అద్దం దగ్గరికి పోయి, ఆ అమ్మాయి చూస్తుండగా సంతకం దున్నాడు. అది పై సంతకానికి కవల. ఆమె ఆఫీసరును పిలిచింది. ఆయన కళ్లద్దాలు తీసి చూసి, పెట్టుకుని చూసి, ముద్ర కొట్టాడు.

సూదులు వచ్చాయి. గీ దబ్బనాలు తెచ్చేటందుకా విమానం ఎక్కింది, బేగంబజార్ల దొరకవా అని సాలమ్మ అంది. రెండు రోజుల తర్వాత వాటిలో ఒక్క సూది పక్కింటామె అడిగితే ఇవ్వలేదు.

మిగిలిన ఐదు చెక్కులు అబిడ్స్‌లోనే మార్చుకోవాలి. అక్కడా అదే నియమం, ఒప్పుకోకుంటే అదే సిరా ప్యాడు. ఒక్క పూటలో వేలు ఒత్తి తెచ్చుకోక ఎందుకీ తిప్పలని జైపాల్ ఊరంతా చెప్పుకుని తిరిగాడు. కాక లెక్క వేరు. ఏ చెక్కు ఎంత అలిసిన చేత్తో చేశాడో ఆయనకు తెలుసు. ఐదోదానికి పొద్దుటి నుంచి పార పట్టి, స్నానం కూడా చేయకుండా బస్సెక్కాడు. నాలుగోదానికి రెండు మడులకు నీళ్లు కట్టి పోయాడు. మూడోది మొదటిసారి కుదరలేదు, ఆ రోజు బస్సులో సీటు దొరికింది. మరుసటి వారం కావాలని మెహదీపట్నం దాకా కడ్డీ పట్టుకుని నిలబడి పోయాడు. సేద్యం పనంతా చెక్కుల వరసలో నడుస్తోందని, కలుపు తీద్దామంటే గది రెండో చెక్కు పని అంటున్నాడని సాలమ్మ మా దుకాణానికొచ్చి నన్ను తిట్టింది. సలహా నాదే కాబట్టి విన్నాను.

ఆ దసరా వెళ్లాక నాకు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. గేటు దగ్గర. పెట్టె పట్టుకుని చేవెళ్ల బస్టాండుకు పోతే అక్కడ కాక నిలబడి ఉన్నాడు. కుడి చేతిని తువ్వాలతో చుట్టి మెడకు వేలాడదీసుకున్నాడు. దెబ్బ తగిలిందా అని కంగారుపడ్డాను. దెబ్బ కాదు. ఇంక మొదటి చెక్కు ఒక్కటే మిగిలింది. మూడు రోజుల నుంచి కాక చెంబు కూడా ఎత్తలేదు, సాలమ్మే అన్నం కలిపి పెడుతోంది. రెండువేల చిల్లర కోసం ఇంత కష్టం దేనికి, వదిలెయ్ కాకా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఐదుగురు హన్మంతులు పైసలు దెచ్చుకున్నరు. ఆఖరోని పైసలు ఆడనే ఎందుకిడ్సిపెడ్త?" అన్నాడు. అంతలో బస్సు వచ్చింది. కాళ్ల దగ్గరున్న సంచి వైపు గడ్డంతో చూపించాడు.

"జర గా సంచి వట్టుకొని లోపట వెట్టు బిడ్డా. అబిడ్స్ దాంక నేనీ చెయ్యి వాడొద్దు."