పిల్లలకి నేను చెప్పిన పేరు

న్యూజెర్సీలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన, రెండు గదుల్లో మా ఆఫీసు. అక్కడ యూదుల పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు వేస్తారు. వాటి ప్రచారం చూసుకోవడం నా పని. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఆరేళ్లు ఇంట్లో కూర్చున్నాక, పని చేసుకోవచ్చని కాగితం చేతికొచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం అది. ఇంటర్వ్యూలో మా ఎడిటరమ్మ "యూదుల పండుగల గురించి నీకేమైనా తెలుసా?" అని అడిగితే, తడుముకోకుండా "చిన్నప్పటి నుంచీ తెలుసు" అన్నాను. అబద్ధమేం కాదు. కోస్తాలో నాలుగు తరాలుగా చర్చికి వెళ్లే ఇల్లు మాది. ఆ రాజులు, ఆ ప్రవక్తలు, ఆ ఎడారి ప్రయాణాలు అన్నీ సండే స్కూల్లో కంఠతా పట్టినవే. ఇక్కడివాళ్లకి కూడా నాకు తెలిసినంత తెలియదేమోనని లోపల కాస్త గర్వంగా ఉండేది.

ఆ గర్వం వారం రోజులు కూడా నిలవలేదు. మొదటి వారమే ఒక బొమ్మ నా బల్ల మీదికి వచ్చింది. ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నారు, మధ్యలో కోడికూర, పిల్లాడి ముందు గ్లాసుడు పాలు. నాకు ముచ్చటేసింది. మా ఎడిటరమ్మ చూసి, ఆ గ్లాసు తీసేయమని బొమ్మలు వేసే అతనికి వెనక్కి పంపింది. మాంసమూ పాలూ ఒకే భోజనంలో కూడదట. కోడికూర తిన్నాక పెరుగన్నం లేకుండా చెయ్యి ఎలా కడుక్కుంటారో నాకు ఆ రోజంతా అర్థం కాలేదు. ఇంకో పుస్తకంలో అమ్మ ప్యాంటు వేసుకుందని కొన్ని స్కూళ్లు తీసుకోలేదు. పోనీ మరో పుస్తకంలో అమ్మకి పొడుగు గౌను వేయిస్తే, మా అమ్మలు ఇలా ఉండరని ఇంకొన్ని స్కూళ్లు వద్దన్నాయి. ఏ పుస్తకం ఎవరికి పంపాలో పట్టిక రాసుకున్నాను. రాసుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్ చేసి అది తప్పని తేల్చేవారు. డిసెంబరులో వచ్చే దీపాల పండుగ పుస్తకాల గురించి జూన్‌లో, చెమటలు కక్కుతూ ఈమెయిళ్లు రాసేదాన్ని.

ఇంటికొచ్చి ఇవన్నీ చెప్తే మా ఆయన నవ్వేవాడు. "జాబ్ కావాలన్నావు, జాబ్ వచ్చింది. ఇప్పుడు క్లారిటీ కూడా కావాలంటే ఎలా?"

ఆ ఏడాది మేము వేసిన పుస్తకాల్లో ఒకటి డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ రాసింది. ఆవిడకి అదే మొదటి పుస్తకం. ఒక చిన్నపిల్ల నాయనమ్మ పక్కన స్టూలెక్కి, వాళ్ల విశ్రాంతి దినానికి శుక్రవారం చేసుకునే రొట్టె కోసం పిండిని జడలా అల్లుతూ, ఈ రొట్టె వాసన దేవుడికి తెలుస్తుందా అని అడిగే కథ. తనని పేరు పెట్టి పిలవమనేది ఆవిడ. మా అమ్మ కన్నా పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఈమెయిల్లో ఎలాగో రాసేదాన్ని గానీ, ఎదురుపడితే ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చేదాన్ని.

ఆవిడ కోరిక ఒక్కటే. తాను ముప్ఫై ఏళ్లు ఒకటో తరగతికి పాఠాలు చెప్పిన యూదుల స్కూల్లో ఆ పుస్తకం పిల్లల చేతికి అందాలి. ఆ స్కూల్లో నియమాలు గట్టివి. లైబ్రేరియన్ చూసి సరేనంటేనే ఏ పుస్తకమైనా గుమ్మం దాటేది. "దేశమంతా కొన్నా, అక్కడ లేకపోతే నేను రాయనట్టే" అంది ఆవిడ. నేను తీసుకెళ్లి అక్కడ పెడతానని మాటిచ్చాను. ఏ ధైర్యంతో ఇచ్చానో ఇప్పటికీ తెలియదు.

ఒక ఆదివారం పొద్దున, వాళ్ల ప్రార్థనా మందిరంలో పిల్లలు ఆడుకునే గదిలో కథ చదివే కార్యక్రమం పెట్టాను. ఆ లైబ్రేరియన్‌ని నాలుగుసార్లు బతిమాలి రప్పించాను. కార్పెట్ మీద పిల్లలు, గోడ వెంబడి కుర్చీల్లో పెద్దవాళ్లు, వాళ్ల పక్కన మా ఎడిటరమ్మ. సగం చదివేసరికి పెద్దావిడకి దగ్గు పట్టుకుంది. నీళ్లు తాగినా ఆగలేదు. పుస్తకం నా చేతిలో పెట్టి, చదవమని సైగ చేసింది. చదివాను. బాగానే చదివాను, పిల్లలు కదలకుండా విన్నారు. ఆ కథలో దేవుణ్ణి "హషెమ్" అంటారు. ఆ మాటకి "ఆ పేరు" అని అర్థమని మా ఎడిటరమ్మ ఎప్పుడో చెప్పింది. మర్యాదకి అలా అంటారు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఆఖరి పేజీ తిప్పగానే ముందు కూర్చున్న ఐదేళ్ల పిల్ల చెయ్యెత్తింది. "హషెమ్ అంటే ఆ పేరు అని కదా. మరి ఆ పేరేంటి?"

సండే స్కూల్లో టీచరు ప్రశ్న వేస్తే అందరికన్నా ముందు లేచి నిలబడే పిల్లని నేను. ముప్ఫై నాలుగేళ్లొచ్చినా ఆ బుద్ధి పోలేదు. "యెహోవా" అన్నాను. గట్టిగా, స్పష్టంగా, మా అమ్మ నేర్పినట్టు.

పిల్లలకేం పట్టలేదు. ఒక తండ్రి మాత్రం లేచొచ్చి, ఆ పిల్లని ఎత్తుకుని బయటికి వెళ్లాడు. లైబ్రేరియన్ ఒళ్లో ఉన్న పుస్తకం మూసి సంచీలో పెట్టుకుంది. పెద్దావిడ దగ్గు మధ్యలోనే "బిస్కెట్లున్నాయి, రండి రండి" అని అందరినీ లేపింది.

వరండాలో మా ఎడిటరమ్మని పట్టుకుని ఏమైందని అడిగాను. వాళ్లు ఆ పేరు పలకరట. ప్రార్థనలో కూడా పలకరట. కాగితం మీద కనిపించినా దాని బదులు ఇంకో మాట చదువుతారట. "నీకు తెలియదు కదా. యు ఆర్ ఫైన్" అని నా భుజం తట్టింది. ఈ దేశంలో ఆ మాటకి ఫర్వాలేదని అర్థమో, కొంప మునిగిందని అర్థమో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అదే రోజు మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన. అమెరికన్లు తమ చర్చిలో పొద్దుటి ఆరాధన ముగించాక మాకు అద్దెకిస్తారు. ఆ వారం మొదటి ప్రార్థన నా వంతు. లేచి, కళ్లు మూసుకుని, నోరు తెరిచాను. నేను ఎప్పుడు ప్రార్థన మొదలుపెట్టినా ఆ పేరుతోనే. అది గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. బయటికీ రాదు, లోపలికీ పోదు.

పక్కనున్న ఆంటీ నా చీర కొంగు లాగింది. "కానీయమ్మా, అందరూ వెయిట్ చేస్తున్నారు."

"ప్రభువా" అని ఎలాగో మొదలుపెట్టి, రెండు ముక్కల్లో ముగించేశాను.

తిరిగి వస్తూ కార్లో మా ఆయన అడిగాడు. "ఏంటి, ప్రేయర్ అలా తేల్చేశావ్?"

"ఆ పేరు పలకకూడదంటండీ."

"ఎవరు? వాళ్లు పలకకూడదు. మనకేంటి?"

"వాళ్ల దేవుడే కదా మన దేవుడు?"

"అది పాస్టర్ గారిని అడుగు. నన్నడిగితే ఎలా, నేను డ్రైవ్ చేస్తున్నా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఒక పేరు పలికినందుకు నేనెందుకు దొంగలా నడవాలి? అంతలోనే సిగ్గేసింది. పక్కింటి పెద్దాయన్ని కూడా పేరు పెట్టి పిలవని మేము, దేవుణ్ణి మాత్రం పొద్దున లేచింది మొదలు పేరు పెట్టి పిలుస్తాం. ఇన్నేళ్లలో ఒక్కరికీ అది వింతగా తోచలేదేం? ఆ ఆలోచన వచ్చాక కోపం నిలవనూ లేదు, పోనూ లేదు.

పది రోజుల తర్వాత స్కూలు నుంచి ఈమెయిల్ వచ్చింది. పుస్తకం తీసుకుంటారు. రచయిత్రి వచ్చి పిల్లలకి చదివి వినిపించాలి. చదివేది మాత్రం ఆవిడే అయి ఉండాలి, ఇంకెవరూ వద్దు. నా ప్రస్తావన ఎక్కడా లేదు, లేకుండానే అందరికీ అర్థమైంది. ఎడిటరమ్మ దాన్ని ఏ వ్యాఖ్యా లేకుండా నాకు పంపింది. పెద్దావిడకి కావలసింది దక్కిందని ప్రాణం లేచొచ్చింది. వెంటనే బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

కంటిచూపు తగ్గి ఆవిడ డ్రైవింగ్ మానేసింది. కాబట్టి స్కూలుకి తీసుకెళ్లింది నేనే. లోపలికి రమ్మని ఆవిడ రెండుసార్లు పిలిచింది. ఫోన్లు చేసుకోవాలని అబద్ధమాడి పార్కింగ్‌లో కూర్చున్నాను. గంట తర్వాత మొహమంతా నవ్వుతో వచ్చింది. పిల్లలు రెండుసార్లు చదివించుకున్నారట. నేను సంతోషించాను, నిజంగానే సంతోషించాను. కానీ సీటు బెల్టు పెట్టుకున్నాక ఆవిడ మాట్లాడటం మానేసింది. ఇప్పుడు అంటుంది, ఇంతకాలం దాచుకున్నది ఇప్పుడు అనేస్తుంది అనుకున్నాను.

"మీ అమ్మ దేవుణ్ణి ఆ పేరుతో ఎలా పిలిచేది?" అంది.

నేను నోరు తెరవబోయాను.

"పలకొద్దు. ఎలా పిలిచేదో చెప్పు చాలు. భయపడుతూ పిలిచేదా?"

"లేదు" అన్నాను. "నాకు జ్వరమొస్తే పిలిచేది. గ్యాస్ అయిపోతే పిలిచేది. గోడ మీంచి పక్కింటావిడని పిలిచినట్టే ఉండేది."

"పిలిస్తే ఆయన పలికేవాడా?"

"పలికాడనే అంటుంది."

ఎర్రలైటు దగ్గర ఆగాను. ఆవిడ అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ మాట్లాడింది. "మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఆఖరి రోజుల్లో, నాకు వచ్చిన ప్రార్థనలన్నీ అయిపోయాయి. ఇక పేరు పెట్టి పిలవడం ఒక్కటే మిగిలింది. ఎలా పిలవాలో నాకు తెలియదు. పలకడం మానేసి ఎన్ని తరాలైందో, అసలు ఎలా పలికేవారో మాలో ఎవరికీ తెలియదు. నువ్వు అన్నదే అదో కాదో, అదీ తెలియదు."

కార్లో మేమిద్దరమే ఉన్నాం.

"ఆ పేరు మళ్లీ చెప్పమంటారా?" అన్నాను.

చెయ్యి అడ్డంగా ఊపింది.

"సారీ. మీకు ఇష్టం ఉండదు, తెలుసు."

"ఇష్టం లేక కాదు" అంది. "ఆ రోజు నీ నోట విన్నప్పటి నుంచీ ఇంకోసారి వినాలని ఉంది. అందుకే వద్దంటున్నాను."

వెనక కారువాడు హారన్ కొట్టేదాకా నేను బండి కదపలేదు.