దిబ్బకి ఫోటో తీయబోతే

నవ్వరని మాటిస్తేనే చెప్తాను. చిలకలగూడలో మా హాలు గోడకి పెద్ద ఫ్రేములో ఒక ఫోటో ఉంది చూశారుగా? దాని కథ ఇది.

చీరాల దగ్గర మా ఊళ్ళో, పొలాల మధ్య ఒక ఇసుక దిబ్బ ఉండేది. వేల ఏళ్ళ కిందట సముద్రపు గాలి ఇసుకంతా మోసుకొచ్చి అక్కడ పోసిందట. ఇప్పుడు సముద్రం ఎక్కడో దూరాన, చుట్టూ వేరుశెనగ చేలు. చిన్నప్పుడు ఆదివారం చర్చి అవగానే దాని మీంచి దొర్లేవాళ్ళం. జుట్టునిండా ఇసుక, వీపునిండా అమ్మ దెబ్బలు! సికింద్రాబాద్‌లో టీచర్‌గా ఇన్నేళ్ళున్నా, గాలి గట్టిగా వీస్తే చాలు, ఆ దిబ్బే గుర్తొచ్చి దిగులేస్తుంది.

ఒకరోజు బాబాయి ఫోన్. "అమ్మాయ్, వచ్చేవారం ట్రాక్టర్లు పెట్టి దిబ్బని చదును చేసేస్తున్నారు. చేలో కలిపేస్తారంట."

ప్రాణం ఉసూరుమంది. మా స్కూల్ డ్రాయింగ్ సారు కెమెరా అడిగి తీసుకుని, కొత్త ఫిల్మ్ రోల్ వేయించి రైలెక్కేశా.

పొద్దున్నే దిబ్బ ముందు నిలబడ్డా. ఏటవాలు ఎండ, ఇసుక మీద గాలి గీసిన గీతలు... ఏడుపొచ్చేసింది. కెమెరా కంటికి ఆనించానో లేదో, "ఆగాగు!" అని కేక. పిన్ని! చర్చికి కట్టే పట్టుచీరలో! వెనకాల ఊరు ఊరంతా.

"పిన్నీ, నేను దిబ్బని తీసుకుందామని..."

"మనుషుల్లేకుండా వట్టి ఇసుకకి ఫోటో ఏంటే! ఇంత దూరం వచ్చి మమ్మల్ని తీయకుండా పోతావా?"

ఇక తీయడం మొదలుపెట్టా. మా ఊళ్ళో ఒకింటివాళ్ళని తీసి ఇంకో ఇంటివాళ్ళని వదిలేస్తే మళ్ళీ ఆ గడప తొక్కగలనా! పిన్ని, పక్కింటివాళ్ళు, పాస్టరుగారి కుటుంబం, ఆఖరికి కొత్తగా ఈనిన గేదె. అందరికీ దిబ్బ ముందే కావాలి, మొహాలు మాత్రం పెద్దగా పడాలి! నేను మాత్రం చివరి ఫ్రేము దాచుకున్నా. అందరూ వెళ్ళారు. హమ్మయ్య అని బటన్ నొక్కుతుంటే బాబాయి చేలోంచి పరుగున వచ్చి సరిగ్గా కెమెరా ముందు ఫ్రేములో దూరాడు.

"నేనొక్కణ్ణే మిగిలానే!"

ఇక్కడికొచ్చి రోల్ కడిగిస్తే, స్టూడియో అతను ఫోటోలన్నీ తిప్పి తిప్పి చూశాడు. "మేడమ్, ఫ్యామిలీ మస్తుగొచ్చింది. గని దిబ్బ దిబ్బ అన్నరు, ఏడుంది?"

ఉంది. చివరి ఫోటోలో, బాబాయి చెవి పక్కన, వేలిగోరంత. అప్పటికే అసలు దిబ్బ చేలో కలిసిపోయింది. నాకు మిగిలింది ఆ ముక్కే. దాన్నే ఎన్‌లార్జ్ చేయించి గోడకి పెట్టా. రోజూ స్కూల్నించి రాగానే దాని ముందే నిలబడి టీ తాగుతా.

ఇంటికొచ్చినవాళ్ళు మాత్రం ఒకటే అడుగుతారు. "టీచరుగారూ, ఎవరిదండీ ఆ చెవి? అంత పెద్ద ఫ్రేము కట్టించారు!"